పటకారు డాక్టరు గారిది ఏ పార్టీ?

పటకారు డాక్టరు గారికి ఉన్న జబ్బు ఒకటే. ఎదుటి మనిషి కుర్చీలో వెనక్కి వాలి, నోరు బార్లా తెరిచి, ఆ నోట్లో దూదీ అద్దమూ సన్నటి గొట్టమూ పెట్టించుకుని, ‘ఆ’ తప్ప మరో అక్షరం పలకలేని స్థితికి వచ్చాక, అప్పుడు ఆయన ఆ మనిషితో గవర్నరు గారి పరిపాలన మీద వాదనకు దిగుతారు. నోరు మూసుకున్న వాళ్ళతో ఆయన రాజకీయాలు మాట్లాడగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. పెళ్ళిలో పక్కన కూర్చుని కదిపినా, వీధిలో ఆపి అడిగినా, ‘పళ్ళు బాగున్నాయా?’ అని మాట మార్చి వెళ్ళిపోయేవారు.

ఆ రాష్ట్రంలో గవర్నరును జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఎన్నుకున్న మర్నాటి నుంచి సగం మంది ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారు, మిగతా సగం దుమ్మెత్తి పోస్తారు. ఇప్పుడున్న గవర్నరు గారు ఆ ఊరికి మూడు పనులు చేశారు. ఏటి మీద వంతెన కట్టించారు. కుళాయిలకు మీటర్లు పెట్టించారు. చిన్న బడులన్నీ మూసి, పిల్లల్ని తీసుకెళ్ళి ఒక పెద్ద బడిలో కలిపారు. ఈ మూడూ ఊరికి వరాలని కొందరు, శాపాలని కొందరు. మధ్యలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు ఊరు వదిలి వెళ్ళినట్టే లెక్క.

డాక్టరు గారి మేనకోడలు పళ్ళ డాక్టరు చదువు పూర్తి చేసి, ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. నేర్చుకున్నాక ఆ క్లినిక్ ఆమెదే అని మాట. ఆమెకు గవర్నరంటే ఒళ్ళుమంట. మూసేసిన బడుల్లో తను చదువుకున్న బడి ఒకటి. అందుకని మొదటి రోజు మేనమామ పక్కన నిలబడి, తనకు చదువు చెప్పిన హెడ్మాస్టారి దవడ పన్ను తీయడం చూస్తున్నప్పుడు ఆమె పడిన అవస్థ ఇంతా అంతా కాదు.

“మాస్టారూ, మీ బడిని పెద్ద బడిలో కలిపెయ్యడం చాలా మంచి పనండీ,” అన్నారు డాక్టరు గారు తీరిగ్గా.

“ఆ?” అన్నారు హెడ్మాస్టారు.

“చూశారా, మీరే ఒప్పుకుంటున్నారు. అసలు ఆ బడిలో ఏముందండీ? నాలుగు గోడలు, ఒక గంట. ఆ గంటైనా మోగేదా అంట?”

హెడ్మాస్టారి ముఖం కందగడ్డ అయిపోయింది. మెడ నరాలు పొంగాయి. ఆయన తల అడ్డంగా ఊపబోతే డాక్టరు గారు గడ్డం పట్టుకుని, “కదపకండి, కదిపితే పక్క పన్ను వస్తుంది” అన్నారు. ఆ బడి గంట స్వయంగా మోగించిన మనిషి ఆయన. ఆ సంగతి చెప్పాలనుకున్నారు. పన్ను బయటికి వచ్చాక కూడా దూది కరిచి పట్టుకోవాలి కాబట్టి చెప్పలేకపోయారు. రాత్రంతా జవాబు తయారు చేసుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చారు.

“డాక్టరు గారూ, నిన్న మీరన్న మాటకి...”

“రండి రండి. పుండు ఎలా ఉందో చూద్దాం. నోరు తెరవండి.”

తెరిచారు. ఆ జవాబు ఇవాళ్టికీ హెడ్మాస్టారి లోపలే ఉంది.

మేనమామ గవర్నరు మనిషని మేనకోడలు మనసులో రాసేసుకుంది. ఆ రాత ఆ సాయంత్రానికే చెరిగిపోయింది. బేకరీ ఆవిడ వచ్చింది. ఆవిడ గవర్నరుకు వీరాభిమాని. వంతెన వచ్చాక ఆవిడ రొట్టెలు ఏటి అవతలికి కూడా వెళుతున్నాయి.

“మొన్న ఆ వంతెన చూసొచ్చానమ్మా,” అన్నారు డాక్టరు గారు, ఆవిడ నోట్లో అద్దం పెట్టాక. “చక్కగా ఎక్కాను. దిగడానికే అవతల రోడ్డు లేదు. అంత డబ్బు పోసి కట్టింది ఏరు దాటడానికా, ఏట్లో చేపల్ని పైనుంచి చూడ్డానికా?”

“ఆ! ఆఆ!”

“అదేనమ్మా నేనూ అనేది. దానికన్నా పాత పడవే నయం.”

ఆవిడ కుర్చీ చేతుల్ని పిండి పిసికినట్టు పిసికేసింది. కళ్ళు ఎర్రబడ్డాయి. కాసేపటికి ఊపిరి తీసుకుని, వేలితో సూది వైపు చూపించి, అదెప్పుడు వేస్తారని సైగ చేసింది. “పన్ను కూడా తీసేశానమ్మా, దిగండి” అన్నారు డాక్టరు గారు.

బయట గదిలో డాక్టరు గారి భార్య బల్ల దగ్గర కూర్చుంటుంది. వచ్చిన వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మెడకు గుడ్డ కట్టి లోపలికి పంపేదీ ఆవిడే, వెళ్ళేవాళ్ళను కాసేపు కూర్చోబెట్టి వాళ్ళ బాధ వినేదీ ఆవిడే. హెడ్మాస్టారు దూది నోటితో ఏదో గొణిగితే, “నిజమేనండీ, ఆయనకేం తెలుసు” అంది. బేకరీ ఆవిడ గొణిగినా, “నిజమేనమ్మా, ఆయనకేం తెలుసు” అంది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ కలిపి నాలుగు నాలుకలున్నాయని మేనకోడలు లెక్క వేసుకుంది. ఆమెకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది.

“మావయ్యా, అసలు మీరెటు?” అని భోజనాల దగ్గర అడిగేసింది.

“నేను చాలాసేపటి నుంచి అన్నం వైపే ఉన్నానే. మీ అత్తయ్యే ఇంకా వడ్డించలేదు,” అన్నారాయన.

ఇదంతా నవ్వులాటగా చెప్పుకోవచ్చు గాని, ఆ రోజుల్లో ఊరు నవ్వే స్థితిలో లేదు. మళ్ళీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. గవర్నరు వాళ్ళు ఒక సెలూనుకి, కాదన్నవాళ్ళు ఇంకో సెలూనుకి వెళ్ళడం మొదలుపెట్టారు. మందుల షాపులు రెండయ్యాయి. లైబ్రరీలో ఒక బల్ల వాళ్ళది, ఒక బల్ల వీళ్ళది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరో గుమ్మం వాడుకుంటున్నారు. ఉప్పూ నిప్పూ అంటారే, అలా తయారయ్యారు జనం. ఇది చూస్తే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. ఒక్క పటకారు డాక్టరు గారి క్లినిక్కులో మాత్రం పొడుగాటి చెక్క బెంచీ ఒకటి ఉండేది. దాని మీద రెండు పక్షాల వాళ్ళూ వాచిన బుగ్గలు పట్టుకుని, భుజాలు తగులుతూ కూర్చునేవారు. ఆ గోడ మీద ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని రాసి ఉండేది. పన్ను సలుపుతున్న వాడికి పక్కవాడి పార్టీ గుర్తుండదు.

ఆ బెంచీ మీదే కొంప మునిగింది.

ఒకరోజు హెడ్మాస్టారూ బేకరీ ఆవిడా పక్కపక్కన కూర్చోవలసి వచ్చింది. కాసేపు చెరో గోడ చూశారు. ఊరుకోలేక హెడ్మాస్టారే అన్నారు, “మీకేం లెండి. మీ గవర్నరుకి భజన చేసే డాక్టరు దొరికాడు.”

“ఎవరు, ఈయనా?” అంది ఆవిడ. “వంతెన గురించి ఈయనన్న మాటలు వింటే మీ పార్టీ వాళ్ళు పిలిచి శాలువా కప్పుతారు.”

“ఏమన్నాడేంటి?”

“పడవే నయం అన్నాడు.”

“నాతో బడి గంట మోగేదే కాదన్నాడు.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత లోపలికి వెళ్ళకుండానే, పంటి నొప్పిని కూడా మరిచిపోయి, కలిసి బయటికి నడిచారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. పటకారు డాక్టరు గోడ మీద పిల్లి కూడా కాదు, రెండు పెరళ్ళలోనూ పాలు తాగే పిల్లి అన్నారు.

మర్నాడు హెడ్మాస్టారినీ బేకరీ ఆవిడనూ ముందు పెట్టుకుని రెండు పక్షాల పెద్దలూ కలిసి వచ్చారు. ఆ ఊళ్ళో ఆ రెండు పక్షాలూ కలిసి చేసిన మొదటి పని అదే.

“డాక్టరు గారూ, దాపరికం వద్దు. మీరెటు?” అన్నారు హెడ్మాస్టారు.

“ఏ రాయైతేనేమండీ, పళ్ళూడగొట్టుకోడానికి,” అన్నారు డాక్టరు గారు.

పళ్ళ డాక్టరు నోట ఆ సామెత ఆయన వృత్తికి తగ్గట్టే ఉంది. కాని తమ నాయకుణ్ణి రాయి అన్నారని ఇద్దరూ నొచ్చుకున్నారు.

“సరే, చెప్పకండి,” అంది బేకరీ ఆవిడ. “పంచండి. సోమ, మంగళ, బుధ మా వాళ్ళవి. గురు, శుక్ర, శని వాళ్ళవి. ఎవరి రోజున వాళ్ళొస్తారు. మీరూ ఆ రోజుకి ఆ పార్టీ అయిపోండి. ఎవరికీ బాధ ఉండదు.”

“ఆదివారం పన్ను పోటెత్తితే?”

“వెటకారాలొద్దు. ఆలోచించుకోండి. ఎన్నికల లోపు ఏదో ఒకటి తేల్చకపోతే మాలో ఒక్కరూ మీ గడప తొక్కరు. మెయిన్ రోడ్డు మీద అద్దాల క్లినిక్ ఎలాగూ తెరిచారు.”

ఎన్నికల దాకా కూడా ఆగలేదు. బెంచీ అప్పుడే ఖాళీ అయింది. మేనకోడలు రోజూ పొద్దున్నే పనిముట్లన్నీ మరిగించి వరసగా పెట్టేది, సాయంత్రం వాటిని ముట్టకుండానే తీసి సర్దేది. తను నేర్చుకోవాలని వచ్చిన పని, రేపు తనదవుతుందన్న చోటు, కళ్ళ ముందే మూతబడుతోంది. రెండు ముక్కలు చెబితే పోయేదానికి ఈ పెద్దమనిషి ఎందుకింత మొండికేస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

“మావయ్యా, ఏదో ఒకటి చెప్పెయ్యండి. పోనీ, రోజులైనా పంచండి. సగం ఊరైనా మిగులుతుంది కదా.”

“సగం నోరు బాగుచేస్తే సరిపోతుందా?” అన్నారాయన.

అలాంటప్పుడు బస్సు డ్రైవరు వచ్చాడు. తలుపులో నిలువెత్తు మనిషి, బుగ్గ బూరెలా పొంగింది. గడప తొక్కనని వాళ్ళవాళ్ళ ముందు మాటిచ్చాడు గాని, నొప్పి ఆ మాట మీద నిలబడనివ్వలేదు. పైగా పళ్ళ డాక్టరంటే అతనికి చచ్చే భయం. ఆ రోజు అత్తయ్య ఇంట్లో లేదు, చుట్టాలను చూడ్డానికి వెళ్ళింది. గుడ్డ కట్టే పని మేనకోడలి మీద పడింది. అరలో నీలం గుడ్డలు ఒక దొంతర, తెల్ల గుడ్డలు ఒక దొంతర ఉన్నాయి. నీలం చేతికందింది, అదే కట్టింది. గుడ్డ గుడ్డే కదా అనుకుంది.

డాక్టరు గారు నీలం గుడ్డ చూసి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టారు. “ఏమయ్యా, ఈ గవర్నరు కుళాయిలకి మీటర్లు పెట్టాడు. రేపు మనం మింగే గుటకలు కూడా లెక్కేస్తాడేమో.”

డ్రైవరు ముఖం వెలిగిపోయింది. “ఆఁ,” అన్నాడు ఆనందంగా. ఈ ఊళ్ళో మీటర్లను అతనంత తిట్టిన వాడు లేడు.

డాక్టరు గారి కనుబొమలు ముడిపడ్డాయి. “వంతెన కూడా దండగేలే,” అన్నారు అనుమానంగా.

“ఆఁ ఆఁ,” అంటూ కళ్ళతోనే ఒప్పుకున్నాడు డ్రైవరు.

“అంటే... ఇంకోలా చూస్తే, మీటర్ల వల్ల నీళ్ళు ఆదా అవుతున్నాయి కూడా అనుకో.”

డ్రైవరుకి అర్థం కాలేదు. అర్థం కానివాడికి కోపం రాదు. వాదన లేక ఖాళీగా ఉన్న అతని కళ్ళు చుట్టూ తిరిగి తిరిగి సూది మీద ఆగాయి. ఆ తర్వాత జరిగింది ఒక్క క్షణంలో అయిపోయింది. సూది దిగకముందే డ్రైవరు దవడలు మూశాడు. మధ్యలో డాక్టరు గారి వేలు ఉంది.

డ్రైవరు వేయి క్షమాపణలు చెప్పి, పన్ను పన్నులాగే ఉంచుకుని వెళ్ళిపోయాడు. మేనకోడలు మేనమామ వేలికి కట్టు కడుతుంటే, ఆయన నొప్పి సంగతి ఎత్తకుండా, “నీలం గుడ్డ ఎవరు కట్టారే?” అని అడిగారు.

“నేనే. ఏం, తెల్లది కట్టాలా?”

సాయంత్రం అత్తయ్య వచ్చాక గాని సంగతి బయటపడలేదు.

“నీలం అంటే గవర్నరు మనిషి, తెలుపంటే కాదన్నవాడు,” అంది అత్తయ్య. “రాగానే నేను ఒకటే అడుగుతాను, కొత్త వంతెన మీదుగా వచ్చారా, పాత దారిన వచ్చారా అని. హాయిగా వంతెన మీదుగా వచ్చామండీ అంటే నీలం. ఆ వంతెన ఎవడెక్కుతాడండీ అంటే తెలుపు. అది చూసి మీ మావయ్య దానికి ఎదురు మాట్లాడతారు.”

“ఎందుకు?”

“నొప్పి తెలియకుండా సూది వేస్తాం,” అన్నారు డాక్టరు గారు, కట్టు కట్టిన వేలు చూసుకుంటూ. “ఆ సూది నొప్పి తెలియకుండా ఏం వేస్తాం? గవర్నరును వేస్తాం.”

మేనకోడలు రెండు గుడ్డలూ చేతిలోకి తీసుకుని మార్చి మార్చి చూసింది.

“కోపం, భయం ఒక మనిషిలో ఒకేసారి పట్టవే,” అన్నారాయన. “ఒళ్ళు మండుతున్నవాడు సూది చూడడు. నేను కొత్తగా క్లినిక్ పెట్టినప్పుడు ఒకాయన వణికిపోతూ కూర్చున్నాడు. అంతలో బయట ఆయన గొడుగు ఎవరో పట్టుకుపోయారు. ఆ తిట్లలో ఆయనకి సూదీ తెలియలేదు, పన్నూ తెలియలేదు. మంచి మందు దొరికింది గాని, వచ్చిన ప్రతివాడి గొడుగూ ఎత్తుకుపోలేం కదా.”

“అప్పటి గవర్నరు దొరికాడు,” అంది అత్తయ్య. “గవర్నర్లు మారారు గాని మందు మారలేదు.”

మేనకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను ఇన్నాళ్ళు రెండు నాలుకలనుకున్నది ఇదా అనిపించింది. “ఈ మాట వాళ్ళతో ఎందుకు చెప్పరు మావయ్యా? ఒక్క మాట చెబితే అందరూ తిరిగొస్తారు.”

“చెబితే రేపు నేనేమన్నా నవ్వుతారు. నవ్వేవాడికి సూది గుచ్చుకుంటుంది. పేరు చెబితే పని చెయ్యని మందు ఇదొక్కటే. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. తిట్టుకుంటూ అయినా ఎప్పుడో ఒకరోజు నొప్పి పుట్టి వస్తారు.”

“రాకపోతే?”

ఆయన లేచి వెళ్ళి ఖాళీ బెంచీ మీద దుమ్ము దులిపారు.

నొప్పి పుట్టింది. అయితే అది డాక్టరు గారికే పుట్టింది. ఆయన ముందు లవంగం నోట్లో పెట్టుకుని తిరిగారు. తర్వాత మాట్లాడడం మానేశారు. బుగ్గ రొట్టెముక్క దాచుకున్నట్టు పొంగింది. ఎందరి పళ్ళో పీకిన ఆ మహానుభావుడు తన పన్ను మాట వచ్చేసరికి పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. చివరికి అత్తయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

సరిగ్గా ఆ పొద్దునే హెడ్మాస్టారూ బేకరీ ఆవిడా తేల్చుకుంటామని వచ్చారు. గడువు దగ్గర పడింది, తాడో పేడో అన్నారు. డాక్టరు గారు మాట్లాడే స్థితిలో లేరని తెలిసి, అయ్యేదాకా ఉంటామని బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. లోపలి గదికీ బయటి గదికీ మధ్య ఉన్నది ఒక్క తెర.

లోపల డాక్టరు గారు కుర్చీ అంచున కూర్చున్నారు. “ఈ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదే,” అన్నారు మేనకోడలితో, చిన్నపిల్లాడిలా. “ఇటునుంచి చూస్తే సూది చాలా పొడుగుంది.”

మేనకోడలు అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య ఒక చేతిలో నీలం గుడ్డ, ఒక చేతిలో తెల్ల గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది.

“ఏది కట్టను అత్తయ్యా?”

“నాకేం తెలుసే,” అంది అత్తయ్య మెల్లగా. “ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఈయనది ఏ రంగో నాకూ తెలియదు.”

చివరికి రెండూ కట్టారు. మేనకోడలు అద్దం పెట్టి, తనకు చేతనైన దాంతో మొదలుపెట్టింది. గవర్నరును చెడామడా తిట్టింది. డాక్టరు గారు శ్రద్ధగా విని తల ఊపారు. వెంటనే అటు తిప్పి, మనసు చంపుకుని, గవర్నరును పొగిడింది. దానికీ తల ఊపారు. కళ్ళు మాత్రం సూదిని వదల్లేదు. ఆమె చెయ్యి కదిలితే ఆయన దవడ కదులుతోంది. కట్టు కట్టిన వేలు చూసి ఆమెకు తన వేళ్ళ మీద బెంగ పట్టుకుంది. ఈ మనిషికి ఏ పార్టీ మీదా కోపం రాకపోతే ఇక దేని మీద వస్తుంది అని ఆలోచించింది. ఆ బెంచీ గుర్తొచ్చింది.

“సరే మావయ్యా, ఒక మాట,” అంది సూది రెండో చేతిలోకి మార్చుకుంటూ. “బయట వాళ్ళిద్దరూ వచ్చారు. మీ తరఫున నేనే మాటిచ్చేశాను. సోమవారం నుంచి మూడు రోజులు వాళ్ళవి, మూడు రోజులు వీళ్ళవి.”

“ఆ?” అన్నారు డాక్టరు గారు. కళ్ళు సూది మీంచి ఆమె మీదికి వచ్చాయి.

“అవును. వడ్రంగికి కబురు పెట్టాను. బెంచీని నడిమికి కోసేస్తాడు. అటు ముక్క నీలం, ఇటు ముక్క తెలుపు.”

“ఆఁ ఆఁ.”

“తల కదపకండి. బస్సు డ్రైవరు గురువారం మనిషి. మంగళవారం పన్ను పోటెత్తితే గురువారం దాకా ఓర్చుకుంటాడు. ఓర్చుకోలేకపోతే పార్టీ మారతాడు. మనకేం?”

డాక్టరు గారి ముఖం కందగడ్డ అయింది. మెడ నరాలు పొంగాయి. సూది దిగింది.

మత్తు ఎక్కేదాకా మేనకోడలు ఊరుకోలేదు. “పసిపిల్లలొస్తే పాలపళ్ళకి ఏ పార్టీ అని వాళ్ళ నాన్ననడుగుతాం. నాన్నదొకటీ అమ్మదొకటీ అయితే పైపళ్ళు ఒకరోజు, కిందిపళ్ళు ఒకరోజు చూస్తాం. ఎవరో దారినపోయే ముసలాయన ఏ పార్టీ లేదంటే, గుమ్మంలోంచే పంపించేస్తాం. పార్టీ లేనివాడికి పళ్ళెందుకు?”

“ఆఆఆ,” అని డాక్టరు గారు కుర్చీ చేతులు పిండేస్తూ గర్జించారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో అలాంటి గర్జన రోగులు చేశారు గాని ఆయన చెయ్యలేదు. ఆ గర్జనలో ఆయన పార్టీ ఏదో మేనకోడలికి తెలిసిపోయింది. అది నిలబడడానికి ఊళ్ళో ఒక్క బెంచీ మాత్రమే ఉన్న పార్టీ.

“పుక్కిలించండి మావయ్యా.”

ఆయన ఉమ్మేసి, మొద్దుబారిన నోటితోనే, “బెంచీ కోయిస్తావుటే?” అన్నారు.

“ఎవరన్నారు? పన్ను వచ్చేసింది, దిగండి.”

ఆయన ఆమె ముఖం చూశారు. ట్రేలో పన్ను చూశారు. బుగ్గ తడుముకున్నారు. “సూది ఎప్పుడు వేశావే?” అని అడిగారు.

తెర అవతల హెడ్మాస్టారూ బేకరీ ఆవిడా బెంచీ మీదే ఉన్నారు. లోపలి మాటలన్నీ వాళ్ళిద్దరికీ వినబడ్డాయి. మొదట గెలిచామనుకున్నారు. పాలపళ్ళ దగ్గరికి వచ్చేసరికి తలలు దించుకున్నారు. ఆఖరి మాట విన్నాక బేకరీ ఆవిడ తన బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

“నాకూ సూది ఎప్పుడు వేశారో తెలియలేదండీ ఆ రోజు,” అంది.

హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నాకూనూ,” అన్నారు.

అత్తయ్య ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు తిరిగిచ్చేటప్పుడు హెడ్మాస్టారు, “డాక్టరు గారితో చెప్పండమ్మా, బెంచీ కోయించొద్దని. మంచి చెక్క” అన్నారు. రోజుల పంపకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఇద్దరూ అంతటితో మారిపోయి చెట్టాపట్టాలేసుకున్నారని అనుకోకండి. ఇంటికి వెళుతూ వంతెన గురించి సందు చివరిదాకా పోట్లాడుకున్నారు. పోట్లాడుకుంటూనే గాని కలిసి వెళ్ళారు.

ఎన్నికలయ్యాయి. ఒకరు గెలిచారు, ఊళ్ళో సగం మంది అన్నాలు మానేశారు. నెమ్మదిగా బెంచీ నిండింది. అందరికన్నా ముందు బస్సు డ్రైవరు వచ్చాడు, తనే అడిగి తెల్ల గుడ్డ కట్టించుకున్నాడు. డాక్టరు గారికి మాత్రం దిగులు పోలేదు. సంగతి ఊరంతా పొక్కింది, ఇక తన మందు చచ్చిందని పక్క గదిలో కూర్చుని గోళ్ళు కొరుక్కునేవారు. వేలి పుండు మానేదాకా కుర్చీ పక్క నిలబడడం మేనకోడలి వంతయింది.

ఒకరోజు హెడ్మాస్టారు ఇంకో దవడ పట్టుకుని వచ్చారు. కుర్చీలో కూర్చుని ముందే చెప్పేశారు. “చూడమ్మాయ్, నీ చిన్నప్పటి నుంచి నిన్ను ఎరుగుదును. నువ్వు మనవైపే అనీ తెలుసు. మీ మావయ్య కిటుకూ తెలుసు. నువ్వేమన్నా నాకు కోపం రాదు. వృథా ప్రయాస పడకు.”

“అలాగే మాస్టారూ. నోరు తెరవండి.”

తెరిచారు. మేనకోడలు అద్దం పెట్టింది. మూసేసిన బడి వీళ్ళిద్దరిదీ. ఆ గంట చప్పుడు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. కుర్చీలో ఉన్న మనిషి చూపు సూదిని వదలడం లేదు, ఎంత బింకంగా మాట్లాడినా. ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

“ఎంతైనా మాస్టారూ, మన బడి కలిపెయ్యడం మంచిదే అయింది.”

“ఆ,” అన్నారాయన, నాకు తెలుసులే అన్నట్టు.

“మన బడిలో సైన్సు చెప్పడానికి మనిషే లేడు కదా. మీరే లెక్కలు చెప్పి, మీరే సైన్సు చెప్పేవారు. కప్ప గుండె గురించి అడిగితే, పరీక్షలో రాదు కూర్చో అనేవారు. పెద్ద బడిలో దానికో గదే ఉందట.”

హెడ్మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. ముఖానికి ఎరుపు ఎక్కింది. కిటుకని తెలిసినా, కిటుకేనని మనసుకి చెప్పుకున్నా, మెడ నరాలు ఆగలేదు. “ఆఁ! ఆఆ!” అన్నారు. పక్క గది తలుపు సందులోంచి పటకారు డాక్టరు గారు తొంగి చూసి, గోళ్ళు కొరకడం మానేశారు. గవర్నరు మీద వాదన అంటే పేరు చెప్పినా పనిచేసే మందేనని ఆయనకు ఆ పూట తెలిసింది.

పన్ను చేతికొచ్చింది. హెడ్మాస్టారు దూది కరిచిపట్టి, ఆమెను కళ్ళతో తిడుతూ, బయట అత్తయ్య దగ్గరికి వెళ్ళారు. “నిజమేనండీ, దానికేం తెలుసు” అని అత్తయ్య ఓదారుస్తున్న మాట లోపలికి వినబడింది.

మేనకోడలు పనిముట్లు కడుగుతూ ఉండిపోయింది. మాస్టారి కోసం అన్నీ అబద్ధాలే చెబుదామనుకుంది. మధ్యలో ఒకటి రెండు నిజాలు దొర్లాయి.